ఆర్కిడ్ ఆకులు వాడి వేలాడుతున్నాయి, మొగ్గలు రాలుతున్నాయి. నీళ్లు చాలడం లేదా?

కిటికీపువ్వు (కొత్త సభ్యురాలు) · మొదటి రోజు, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు.

ఆరు వారాల క్రితం నాకో ఆర్కిడ్ బహుమతిగా వచ్చింది. చీటీ మీద ఫెలనాప్సిస్ అని ఉంది. తెల్ల పూలు, మధ్యలో కాస్త పసుపు. వచ్చిన రోజు ఏడు పూలు, ఐదు మొగ్గలు ఉన్నాయి. ఐదు ఆకులూ అట్టలా గట్టిగా నిలబడి ఉండేవి.

ఇప్పుడు కింది మూడు ఆకులు మెత్తబడి కుండీ అంచు మీదికి వాలిపోయాయి. వాటి మీద నిలువునా ముడతలు. వేలితో ఎత్తితే లేస్తాయి, వదిలితే జారిపోతాయి. మొగ్గల్లో మూడు ముందు పసుపెక్కాయి, తర్వాత ఊరికే తాకితే రాలిపోయాయి. దాహమేమోనని పది రోజులుగా రోజూ పొద్దున్నే నీళ్లు పోస్తున్నాను. పోసేకొద్దీ ఇంకా వాడిపోతోంది.

ఇంకోటి. ఆకు కాండాన్ని కలిసే మూలల్లో తెల్లగా దూదిపింజల్లాంటివి కనబడుతున్నాయి. పూకాడ మీద జిగురు చుక్కలున్నాయి. ఫొటోలు పెట్టాను, వెలుతురు సరిగ్గా లేదు, ఏమనుకోకండి.

ఇవి రెండు జబ్బులా, ఒకటేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

వేరుచూపు · మొదటి రోజు, రాత్రి 9:40

ముందు నీళ్లు ఆపండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఇవి చూసి చెప్పండి. కుండీకి అడుగున చిల్లులున్నాయా? అది ఇంకో అలంకార కుండీలో కూర్చుని ఉందా? లోపల ఉన్నది బెరడు ముక్కలా, కుండీల్లో నింపే ఎండు నాచా, మట్టా? ఎత్తితే బరువుగా ఉందా? ముక్కు దగ్గర పెడితే వాసన వస్తోందా? పై రెండు ఆకుల మధ్య కొత్త ఆకు పుట్టే చోటు ఉంటుంది, దాన్ని మొవ్వు అందాం. అది పచ్చగా గట్టిగా ఉందా, నల్లబడిందా? అన్నిటికంటే ఈ చివరిదే ముఖ్యం.

పొద్దుటెండ · మొదటి రోజు, రాత్రి 10:05

ఆకు ముడతలు పడిందంటే నీళ్లు చాలనట్టే కదా, వేరుచూపు గారూ? మా దానికి ఇలాగే అయితే బకెట్లో ఒక గంట నానబెట్టాను, వారం తిరిగేసరికి లేచి కూర్చుంది. కిటికీపువ్వు గారూ, ఒకసారి నానబెట్టి చూడండి. కుదరకపోతే వారానికి మూడు ఐసు ముక్కలు పెట్టండి, నేనదే చేస్తాను.

వేరుచూపు · మొదటి రోజు, రాత్రి 10:21

పొద్దుటెండ గారూ, మీ మొక్క వేర్లు బాగానే ఉండి నీళ్లు అందక వాడింది. అందుకే నానబెడితే తేరుకుంది. ఈవిడేమో రోజూ పోస్తున్నారు. రోజూ పోస్తున్నా ఆకు ఎండుతోందంటే ఆ నీళ్లు ఆకుదాకా చేరడం లేదు. మోసుకెళ్లాల్సిన వేరు పోయిందని నా అనుమానం. నీళ్లు తక్కువైనా, నీళ్లెక్కువై వేరు కుళ్లినా ఈ మొక్క ఆకు ఒకేలా ముడతలు పడుతుంది. దీంతో వచ్చిన చిక్కే అది. ఆకు చూసి రోగం చెప్పలేం, వేరు చూడాల్సిందే.

ఇవాళ నానబెడితే మాత్రం మిగిలిన వేరు కూడా పోతుంది.

కిటికీపువ్వు · మొదటి రోజు, రాత్రి 11:02

అయ్యో. ఇప్పుడే చూశాను.

చిల్లులున్న ప్లాస్టిక్ కుండీ లోపల ఉంది, అది చిల్లుల్లేని పింగాణీ కుండీలో కూర్చుంది. పైకెత్తితే పింగాణీ కుండీ అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు. పచ్చగా నాచు పట్టి మురుగు వాసన వస్తున్నాయి. ఇన్నాళ్లూ అందులో నీళ్లుంటాయని తట్టనే లేదు. పైన నాచు లాంటిది ఉంది, వేలు పెడితే పొడిగానే తగిలేది. అందుకే పోస్తూ వచ్చాను.

మొవ్వు పచ్చగానే ఉంది. నొక్కితే గట్టిగా ఉంది.

వేరుచూపు · మొదటి రోజు, రాత్రి 11:10

మొవ్వు బాగుందంటే మొక్క బతికే అవకాశం బాగానే ఉంది. ఫెలనాప్సిస్‌కు ఎదిగే చోటు ఆ ఒక్కటే. అది కుళ్లితే చాలావరకు కథ ముగిసినట్టే. మొదలు దగ్గర పిలక వేసి బతికినవి నేను రెండే చూశాను.

పింగాణీ కుండీలో నీళ్లు పారబోసి, లోపలి కుండీని గాలి తగిలేచోట పెట్టి పడుకోండి. రేపు పగటి వెలుతురులో మొక్కను బయటికి తీద్దాం. రాత్రిపూట వేరు రంగు సరిగ్గా తెలియదు.

సూక్ష్మదర్శిని · రెండో రోజు, ఉదయం 6:50

తీసేముందు ఒక్క మాట, ఏం చూస్తున్నారో తెలియడానికి.

ఈ మొక్క నేలలో పుట్టేది కాదు. అడవిలో చెట్ల బెరడు పట్టుకుని వేలాడుతుంది. వాన పడ్డప్పుడు వేరు తడుస్తుంది, కాసేపట్లో గాలికి ఆరిపోతుంది. వేరు చుట్టూ వెలామెన్ అనే స్పాంజి పొర ఉంటుంది. అది చచ్చిన కణాల పొర, నీటిని పీల్చి పట్టుకోవడమే దాని పని. ఎండినప్పుడు అందులో గాలి నిండి వేరు వెండిలా కనబడుతుంది. తడిస్తే పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. మీ కుండీ పారదర్శకంగా ఉంటే నీళ్లు ఎప్పుడు పోయాలో వేరే చెబుతుంది: వెండిరంగైతే పోయాలి, పచ్చగా ఉంటే ఆగాలి. పైన నాచును వేలితో తడిమితే ఏమీ తెలియదు, అడుగు తడి ఆరకముందే పైపొర ఆరిపోతుంది.

ఆ స్పాంజి ఎప్పుడూ తడిగానే ఉంటే లోపలి బతికున్న వేరుకు గాలి అందదు. ముందు ఊపిరాడక చస్తుంది, ఆ తర్వాతే బూజులూ బాక్టీరియా వచ్చి కుళ్లబెడతాయి. అందుకే వేరుకుళ్లుకు మొదటి మందు గాలి.

ఐసు విషయంలో పొద్దుటెండ గారిని మరీ కొట్టిపారేయక్కర్లేదు. 2017లో ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు బెరడులో పెంచిన ఫెలనాప్సిస్‌కు ఐసు ముక్కలతో నీరు పెట్టి చూశారు, పూల ఆయుష్షేమీ తగ్గలేదు. కాకపోతే అది ఆరోగ్యంగా ఉన్న మొక్కల సంగతి.

కిటికీపువ్వు · రెండో రోజు, మధ్యాహ్నం 1:35

తీశాను. చేతులింకా వాసన వస్తున్నాయి.

కుండీ వైపుల్ని నొక్కి వదులు చేసి లాగితే మొత్తం ఒక ముద్దగా ఊడొచ్చింది. బయటివైపు నాచు పర్వాలేదు. కానీ నాచు విప్పుతూ పోతే సరిగ్గా మొదలు కింద, వేర్ల నడుమ, నిమ్మకాయంత గట్టి ఉండ ఒకటి ఉంది. పలచటి వల సంచీలో కుక్కి పెట్టారు. పిండితే నల్లటి నీళ్లు కారాయి. ఆరు వారాలుగా అది ఆరనే లేదనుకుంటా.

ఆ ఉండను తాకుతున్న వేర్లన్నీ గోధుమరంగులో మెత్తగా ఉన్నాయి. ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే పైతోలు తొడుగులా జారి చేతిలోకొచ్చింది, లోపల సన్నని దారం మిగిలింది. నాకు కడుపులో తిప్పింది. లెక్కపెడితే మొత్తం పదకొండు వేర్లలో నాలుగే గట్టిగా ఉన్నాయి. అవి బయటి అంచున కుండీ గోడకు అతుక్కుని ఉన్నవి. పైన గాల్లోకి వచ్చిన వేర్లు ఇంకో రెండు, అవి బాగానే ఉన్నాయి.

ఫొటో పెట్టాను. ఏవి కోయాలి?

వేరుచూపు · రెండో రోజు, మధ్యాహ్నం 2:00

నాలుగు వేర్లు, రెండు గాలివేర్లు మిగలడం మంచి సంగతే. ఒక్క వేరుతో లేచినవి ఉన్నాయి.

ఆ ఉండ సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి. మొక్క పసిదిగా ఉన్నప్పుడు పెంచిన ముద్ద అది, పెద్ద కుండీలోకి మార్చేటప్పుడు దాన్ని తీయకుండా అలాగే దించేస్తారు. పెంపకశాలలో గాలి, వేడి, నీటి కొలత అన్నీ లెక్క ప్రకారం నడుస్తాయి కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఇంట్లో అదే మొక్క గుండె కింద తడిగుడ్డ పెట్టినట్టు.

కోయాల్సింది రంగు చూసి కాదు, నొక్కి చూసి. నాచులో చీకట్లో పెరిగిన వేరు పసుపుగానో, లేత గోధుమరంగులోనో ఉంటుంది, అయినా గట్టిగా ఉంటే బతికున్నట్టే. నొక్కితే చదునై నీళ్లు కారేదాన్నీ, కాగితం గొట్టంలా బోలుగా ఉన్నదాన్నీ కోయండి. సందేహమొస్తే ఉంచండి. కత్తెరను ముందు స్పిరిట్‌తో తుడవండి. ఇంకో ఆర్కిడ్‌ను ముట్టుకునేముందు, స్పిరిట్ పూర్తిగా ఆరాక, కత్తెర అంచును మంట మీద కాల్చండి, వైరస్‌లకు స్పిరిట్ ఒక్కటే చాలదు. ఆర్కిడ్లకు వచ్చే వైరస్‌లు ఎక్కువగా కత్తెర మీదుగా ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతాయి, వాటికి మందు లేదు.

పచ్చతొట్టి · రెండో రోజు, మధ్యాహ్నం 2:18

కోశాక హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయండి, నురగ వచ్చి క్రిములన్నీ చస్తాయి. తర్వాత వేర్లన్నిటికీ దాల్చినచెక్క పొడి పట్టించండి. నేనెప్పుడూ అంతే.

సూక్ష్మదర్శిని · రెండో రోజు, మధ్యాహ్నం 2:45

> నురగ వచ్చి క్రిములన్నీ చస్తాయి

నురగ వచ్చేది క్రిములు చస్తున్నందుకు కాదు పచ్చతొట్టి గారూ. బతికున్న కణాల్లో కాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ బుడగలే నురగ. మంచి వేరు కోసిన చోట పోసినా వస్తుంది. పెరాక్సైడ్‌కు క్రిమి, వేరు కొన అని తేడా తెలియదు, రెంటినీ కాలుస్తుంది. ఉన్నవే నాలుగు వేర్లు.

దాల్చినచెక్క పొడి తడిని లాగేస్తుంది. ఆకు మీద గాయానికి కాస్త అద్దితే మంచిదే. వేర్లకు పట్టిస్తే మంచి వేరు కూడా ఎండిపోతుంది.

పచ్చతొట్టి · రెండో రోజు, మధ్యాహ్నం 3:02

నాలుగేళ్లుగా చేస్తున్నా, నా మొక్కలు చావలేదే!

వేరుచూపు · రెండో రోజు, మధ్యాహ్నం 3:10

మీ మొక్కలు గట్టివై ఉంటాయి, మీరు మిగతావన్నీ సరిగ్గా చేసి ఉంటారు. నేను కూడా ఒకప్పుడు పొడి చల్లినవాడినే. ఒకేసారి తెచ్చిన రెండు మొక్కల్లో ఒకదానికి చల్లి, ఇంకోదానికి మానేశాను. చల్లినదాని వేర్లు నెలలో ఎండుపుల్లలయ్యాయి. ఒక్క జతతో ఏమీ తేలదనుకోండి, నేను మాత్రం మానేశాను.

కిటికీపువ్వు గారూ, కోసిన వేర్లను మామూలు నీళ్లతో కడిగి, నీడలో ఒక పూట గాలికి ఆరనివ్వండి. చాలు. తర్వాత వేర్లు ఇమిడేంత కుండీయే తీసుకోండి. ఉన్న వేర్లు తక్కువ కాబట్టి చిన్నది చాలు, పెద్ద కుండీ అంటే ఆరని తడే. మధ్యరకం బెరడు ముక్కలు, ఉంటే అందులో గుప్పెడు నాచు. మట్టి వద్దు, ఎప్పటికీ వద్దు. మొక్క ఊగితే కొత్త వేరు కొన విరుగుతుంది, కర్రకు కట్టండి. రెండు మూడు రోజులు నీళ్లు పోయకండి, కోతలు మానాలి.

నల్లివేట · రెండో రోజు, సాయంత్రం 5:30

అందరూ వేర్ల మీద పడ్డారు, ఆ దూదిపింజల్ని మరిచారు. అవి పిండినల్లి. ఫొటో మూడులో, రెండో ఆకు అడుగున, ఈనె పక్కన ఒకటి కాళ్లతో సహా కనబడుతోంది.

దూదిలా కనబడేది మైనపు పూత. నీళ్లు చల్లితే దాని మీద జారిపోతాయి, మందు చల్లినా సగం జారిపోతుంది. అందుకే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చెవిపుల్లకు చుట్టిన దూది అందులో ముంచి, కనబడ్డ ప్రతిదాన్నీ తాకండి. మైనం కరిగి కింద నారింజరంగో గులాబీరంగో పురుగు బయటపడుతుంది, తుడిచేయండి. 99 శాతం వద్దు, అది పని చేసేలోపే ఆవిరైపోతుంది. మొవ్వులో పోయొద్దు, పూల మీద పడనీయొద్దు, ఎండలో ఉన్నప్పుడు చేయొద్దు.

వాటి ఇల్లు మీకు కనబడే చోట కాదు. పాత ఆకుల మొదట్లో ఎండిన పొరలుంటాయి, వాటికింద. పూకాడ కణుపుల మీద ముక్కోణపు పొరలు, వాటికింద. కుండీ అంచు మలుపు లోపల. ఎండిన పొరల్ని పట్టుకారుతో మెల్లగా పీకేయండి. ఎలాగూ మొక్క బయటే ఉంది కాబట్టి వేర్లలో కూడా తెల్లపొడి ఉందేమో చూడండి. పాత నాచు, బెరడు సంచీలో కట్టి పారేయండి, ఇంకో తొట్టిలో వేయకండి.

ఒక్కసారితో పోదు. గుడ్లు ఆల్కహాల్‌కు చిక్కకుండా దాక్కుంటాయి, వారం రెండు వారాల్లో పిల్లలొస్తాయి. వారానికోసారి చొప్పున కనీసం ఆరు వారాలు. ఏమీ కనబడని వారం కూడా చేయాలి. నాలుగో వారం "పోయాయి" అని మానేసినవాళ్లే ఆరునెలల తర్వాత మళ్లీ ఇక్కడికొచ్చి పోస్టు పెడతారు. మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి.

పిల్లిమామ · రెండో రోజు, సాయంత్రం 6:12

మధ్యలో దూరుతున్నాను. నల్లివేట గారూ, వేపనూనె సరిపోదా? మా ఇంట్లో పిల్లి ప్రతి ఆకునూ నాకుతుంది, రసాయనాలంటే భయం.

నల్లివేట · రెండో రోజు, సాయంత్రం 6:40

సరిపోతుంది, ఓపికుంటే. గోరువెచ్చని లీటరు నీళ్లలో చెంచాడు వేపనూనె, కొన్ని చుక్కలు మెత్తటి ద్రవ సబ్బు, బాగా గిలక్కొట్టి ఆకు అడుగునా పైనా. ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. సాయంత్రం చల్లండి, ఎండ తగిలితే ఆకు మాడుతుంది. మొవ్వులో నిలిస్తే దూదితో అద్దేయండి. పిల్లి మాత్రం మందు పూర్తిగా ఆరేదాకా ఆ గదిలోకి రాకూడదు.

ఫెలనాప్సిస్ మొక్క పిల్లికీ కుక్కకూ విషం కాదు, ఆ భయం అక్కర్లేదు. మొక్క వేర్లలోంచి పీల్చుకునే ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు మీ ఇంట్లో అసలు వద్దు. మీ పిల్లి ఆకు నాకే రకం మరి.

సూక్ష్మదర్శిని · రెండో రోజు, రాత్రి 8:05

జిగురు చుక్కల గురించి ఎవరూ చెప్పలేదు. అవి రెండు రకాలు.

పిండినల్లి, పొలుసు పురుగు రసం పీల్చి తియ్యటి ద్రవం విసర్జిస్తాయి. అది పురుగు ఉన్న చోటుకి కింద పడుతుంది. కింది ఆకు మీద, కిటికీ గట్టు మీద సన్నని తుంపరలా అంటుకుంటుంది. రోజులు గడిస్తే దాని మీద నల్లగా మసి పడుతుంది.

రెండో రకం మొక్కే చేసుకునేది. పూకాడ కణుపుల దగ్గర, మొగ్గ తొడిమ దగ్గర, తేటగా గుండ్రంగా ఒక్కో బొట్టు నిలబడుతుంది. అది జబ్బు కాదు, మందు అక్కర్లేదు. తుడిచేసి ఒక రోజు ఆగి చూడండి. మళ్లీ అదే కణుపు మీద ఒకే బొట్టు వస్తే మొక్కదే. ఆకు మీద పరుచుకుని వస్తే భూతద్దం తీసి పైన వెతకండి. మీ ఫొటోలో రెండూ ఉన్నాయి.

కిటికీపువ్వు · మూడో రోజు, ఉదయం 7:20

అన్నీ చేశాను. ఏడు చచ్చిన వేర్లు కోశాను. ఇరవై మూడు పిండినల్లుల్ని లెక్కపెట్టి తుడిచాను, పదకొండు ఎండు పొర కిందే ఉన్నాయి. బెరడు రాత్రంతా నానబెట్టి, వడకట్టి నాటాను.

ఇక అడగడానికే మనసు రావడం లేదు. పూకాడ కోయాలా? ఇంకా నాలుగు పూలున్నాయి. అది ఇచ్చినవాళ్లు వచ్చే వారం వస్తున్నారు.

వేరుచూపు · మూడో రోజు, ఉదయం 7:45

కోయాలి. నాలుగు వేర్లతో ఐదు ఆకులకే నీళ్లు చాలడం లేదు, పూలకెక్కడివి? ఈ పూలు నిలబడితే ఆకుల్లో దాచుకున్న నీటిని పిండుకునే నిలబడతాయి. బాగున్న మొక్కకైతే కింది నుంచి మూడో కణుపు పైన కోస్తే అక్కడి నుంచి మళ్లీ చిన్న కొమ్మ వేసి పూయొచ్చు. మీదానికి ఆ ఆశ వద్దు. మొదలు దగ్గర ఒక అంగుళం వదిలి కోయండి.

కోసిన కాడను సన్నని గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టండి. రెండు వారాలు దాటి నిలుస్తుంది. చుట్టాలకు సీసా చూపించండి.

పొద్దుటెండ · మూడో రోజు, ఉదయం 8:10

మొగ్గలు రాలింది వేర్ల వల్లేనా? మా మొక్క వేర్లు బాగానే ఉన్నా రాలుస్తుంది.

వేరుచూపు · మూడో రోజు, ఉదయం 8:32

ఈవిడకైతే వేర్లే, పిండినల్లి తోడైంది. మీది పళ్లబుట్ట పక్కన ఉందా? పండుతున్న పళ్ల నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది, మొగ్గలకు అది పడదు. ఏసీ గాలి సూటిగా తగలడం, చోటు మార్చడం, చీకటి మూలకు తోయడం కూడా కారణాలే. మొగ్గ తొడిగిన మొక్కను ఉన్నచోటే ఉండనివ్వాలి.

పొద్దుటెండ · మూడో రోజు, ఉదయం 8:36

పళ్లబుట్ట పక్కనే ఉందండీ. 🙈

వెన్నెలకుండీ · తొమ్మిదో రోజు, రాత్రి 9:00

నా పీస్ లిల్లీ ఆకు చివర్లు గోధుమరంగులోకి మారుతున్నాయి, ఇదే పద్ధతి చేయొచ్చా? వేర్లు కోయాలా?

మోడరేటర్ · తొమ్మిదో రోజు, రాత్రి 9:15

వెన్నెలకుండీ గారూ, కత్తెర కింద పెట్టండి. పీస్ లిల్లీ మట్టిలో పెరిగే మొక్క, లెక్క వేరు. కొత్త చర్చ తెరిచి, ఏ నీళ్లు పోస్తున్నారో, ఎరువు ఎంత వేస్తున్నారో రాయండి. చాలాసార్లు ఉప్పు పేరుకోవడమే కారణం.

కిటికీపువ్వు · పదమూడో రోజు, సాయంత్రం 6:40

బాగోలేదు. అన్నిటికంటే కింది ఆకు పూర్తిగా పసుపెక్కింది. రెండోది ఇంకా మెత్తగానే ఉంది. కొంచెం ఎరువు వేయనా? పూలమొక్కల ఎరువు ఒకటి ఉంది, బలం వస్తుందేమో.

సూక్ష్మదర్శిని · పదమూడో రోజు, సాయంత్రం 7:05

వద్దు. ఎరువంటే ఉప్పు. నాలుగు వేర్ల చుట్టూ ఉప్పునీళ్లు పోస్తే లోపలి నీరు బయటికి లాగబడుతుంది. కొత్త వేరు కొన ఒక అంగుళం పెరిగాక, డబ్బా మీద రాసినదాంట్లో నాలుగోవంతు కలిపి రెండు వారాలకోసారి.

అడుగు ఆకు పసుపెక్కితే భయపడకండి. అందులోని పోషకాలను మొక్క పైకి లాక్కుంటోంది. దానంతట అది ఎండి ఊడేదాకా పీకకండి. పైనుంచి రెండో ఆకో, మొవ్వు దగ్గరి ఆకో పసుపెక్కితే అప్పుడు పరుగెత్తుకురండి.

వేరుచూపు · పదమూడో రోజు, సాయంత్రం 7:30

వేర్లు తాగలేనప్పుడు ఆకు పోగొట్టుకునేదాన్ని తగ్గించాలి. ఎండ సూటిగా తగలని వెలుతురులో పెట్టండి. చెయ్యి అడ్డం పెడితే నీడ అంచు మసకగా కనబడాలి, కత్తిరించినట్టు పడితే ఎండ ఎక్కువ. చుట్టూ గాలిలో కాస్త తేమ ఉండేలా గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి, నీటిమట్టం కుండీ అడుగును తాకకుండా దాని మీద కూర్చోబెట్టండి. గాలి మాత్రం కదులుతూ ఉండాలి. ఆకుల మీద నీళ్లు చల్లకండి.

ఒకప్పటితోటమాలి · పదమూడో రోజు, రాత్రి 10:48

ఆ చివరి మాట అప్పట్లో నాకెవరైనా చెప్పుంటే బాగుండేది. మూడేళ్ల నాటి మొక్క, పదహారు పూలు పూసింది. వేడిగా ఉందని రాత్రి పడుకునేముందు ఆకుల మీద చల్లేవాణ్ని. మొవ్వులో బొట్టు నిలిచింది. ఒక పొద్దున తుడుస్తుంటే పై ఆకు చేతిలోకొచ్చింది, కింద నల్లగా, తడిగా, చేపలవాసన. అప్పటికి వేర్లు ఒక్కటి కూడా చెడలేదు, తెల్లగా నిగనిగలాడుతున్నాయి. మొవ్వు పోయాక ఆ వేర్లు ఇంకో మూడు నెలలు బతికాయి, ఎవరికోసమో తెలియదు.

పొద్దున్నే పోయండి. మొవ్వులో పడితే కాగితం కొన మెలిపెట్టి ఆ నీటిని పీల్చేయండి.

కిటికీపువ్వు · ముప్పై ఆరో రోజు, ఉదయం 6:30

వేరు! వేరు వచ్చింది!

పొద్దున్న కుండీ తిప్పుతుంటే మొదలు దగ్గర, మూడో ఆకు కింద, తోలు చీల్చుకుని ఆకుపచ్చ మొన ఒకటి బయటికొచ్చింది. బియ్యపుగింజంత. మెరుస్తోంది. పక్కనే ఇంకోటి ఉబ్బుతోంది. పిండినల్లి వేట ఐదో వారం, గత వారం రెండు, ఈ వారం సున్నా.

ఒక అనుమానం. వేరు వచ్చినా పాత ఆకుల ముడతలు పోలేదేం?

వేరుచూపు · ముప్పై ఆరో రోజు, ఉదయం 6:55

శుభం. ఆ మొనను వేలితో తాకకండి, విరిగితే ఆ వేరు అక్కడే ఆగిపోతుంది.

పాత ఆకు ముడతలు పూర్తిగా పోకపోవచ్చు. కాస్త గట్టిపడుతుంది, ఆ గీతలు మాత్రం ఉండిపోతాయి. ఇక వాటిని చూడ్డం మానేసి రాబోయే ఆకును చూడండి. అది గట్టిగా, ముందున్నదానికంటే చిన్నది కాకుండా వస్తే మొక్క గట్టెక్కినట్టు.

నల్లివేట · ముప్పై ఆరో రోజు, ఉదయం 9:20

సున్నా వచ్చిందని మానేయకండి. ఇంకో రెండు వారాలు.

కిటికీపువ్వు · మూడో నెల

ఆ రెండు వారాలు చేశాను, ఆ తర్వాత మానేశాను. నిన్న గాలివేరు మొదట్లో పొర కింద మూడు కనబడ్డాయి. నల్లివేట గారు తిట్టేముందే చెప్పేస్తున్నాను.

నల్లివేట · మూడో నెల

తిట్టను. మూడే ఉన్నప్పుడు దొరికాయి, అదే వేట. ఈసారి వారానికోసారి ఎనిమిది వారాలు. కుండీ అడుగు చిల్లుల దగ్గర కూడా చూడండి, నాకు ఒకసారి మొత్తం కాపురం అక్కడే దొరికింది.

కిటికీపువ్వు · ఆరో నెల

నమస్కారం, మళ్లీ నేనే. కొత్త ఆకు పూర్తిగా విచ్చుకుంది, నా అరచేతి కంటే పెద్దది, ముడత లేదు. పింగాణీ కుండీ ఇచ్చేశాను. వారం పది రోజులకోసారి, వేర్లు వెండిరంగుకు వచ్చాకే, పదినిమిషాలు నీళ్లలో పెట్టి పూర్తిగా కారేదాకా ఒంచి పెడుతున్నాను.

వేరుచూపు గారు పూయడానికి రాత్రి చల్లదనం కావాలని వేరే చర్చలో రాశారు కదా, నెల రోజులుగా రాత్రి 17, 18 డిగ్రీలుండే గదిలో ఉంచాను. ఇవాళ పైనుంచి రెండో ఆకు సందులోంచి పచ్చగా ఏదో పొడుచుకొచ్చింది. ఫొటో పెట్టాను. పూకాడేనా?

పొద్దుటెండ · ఆరో నెల

పూకాడే! పళ్లబుట్ట దూరంగా పెట్టండి!

నల్లివేట · ఆరో నెల

ముమ్మాటికీ పూకాడ. కాకపోతే సగం మీసం తీయించుకుంటా.

వేరుచూపు · ఆరో నెల

తొందరపడి మీసాల జోలికి పోకండి. పూకాడ కొన కాస్త చదునుగా, పసిపిల్లల చేతితొడుగులో బొటనవేలు విడిగా ఉన్నట్టు, ఒక పక్కకు చిన్న పొరతో ఉంటుంది, వెలుతురు వైపు లేస్తుంది. వేరు కొన గుండ్రంగా నున్నగా ఉంటుంది, కాస్త పెరిగాక వెనక వెండిపూత పడుతుంది. మీ ఫొటో మసకగా ఉంది. పది రోజులు ఆగండి.

కిటికీపువ్వు · ఆరో నెల, పదకొండు రోజుల తర్వాత

రెండు అంగుళాలైంది. వెనక వెండిపూత పడింది. కిందికి తిరిగి బెరడులోకి దూరుతోంది.

వేరుచూపు · అదే రోజు

వేరే.

పొద్దుటెండ · అదే రోజు

వేరే ఏంటండీ?

వేరుచూపు · అదే రోజు

వేరే ఏమీ కాదు, వేరే.

నల్లివేట · మరుసటి రోజు

తీయించుకున్నాను. ఫొటో అడగొద్దు.